ఖాలిద్ జమీల్: మిడ్‌ఫీల్డర్ నుంచి హెడ్ కోచ్ దాకా – తరచుగా అడిగే ప్రశ్నలు

ఖాలిద్ జమీల్ ఎవరు?

ముంబయి క్లబ్బులకు మిడ్‌ఫీల్డర్‌గా ఆడి, గాయాలతో ఆట ముగించి, ముప్పై రెండేళ్లకే కోచ్‌గా మారిన మనిషి. 2017లో మిజోరం క్లబ్ ఐజ్వాల్ ఎఫ్‌సిని అప్పటి దేశ అగ్ర ఫుట్‌బాల్ లీగ్ అయిన ఐ-లీగ్‌లో విజేతగా నిలిపారు. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) క్లబ్బుకు పూర్తి స్థాయి హెడ్ కోచ్ అయిన తొలి భారతీయుడు. 2025 ఆగస్టు 1న భారత పురుషుల జట్టు హెడ్ కోచ్‌గా నియమితులయ్యారు. పేర్లు, తేదీలు ఇలా వరుసగా చెప్తే మెట్లెక్కినంత సులువుగా కనిపిస్తుంది. నిజానికి ఈ ప్రయాణంలో ఆయన ఎన్నోసార్లు కిందికి దిగి మళ్లీ మొదలుపెట్టారు. కింది జవాబుల్లో ఎక్కువ భాగం ఆ దిగడాల గురించే.

ఆయన కువైట్‌లో పుట్టారని విన్నాం. మరి భారత్‌కు ఎలా వచ్చారు?

1977 ఏప్రిల్ 21న కువైట్‌లో పుట్టారు. తల్లిదండ్రులు భారతీయులు. బాల్యమంతా అక్కడే గడిచింది. ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ మిషెల్ ప్లాటినీ అంటే చిన్ననాటి నుంచీ ఆయనకు అభిమానం. గల్ఫ్ యుద్ధం రోజుల్లో కుటుంబం భారత్‌కు వచ్చేసి ముంబయిలో స్థిరపడింది. కడప, రాజంపేట, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లిన కుటుంబాలకు ఆ రోజులు ఎలాంటివో వేరే చెప్పనక్కర్లేదు. ఉన్న ఊరు, బడి, స్నేహితులు, అన్నీ ఒక్కసారిగా దూరమైన పిల్లల్లో ఆయన ఒకరు. ముంబయిలో కాలేజీ ఫుట్‌బాల్‌తో మళ్లీ మొదలుపెట్టారు.

ఆటగాడిగా పెద్ద పేరుందా?

ముంబయిలో గౌరవం ఉండేది, భారత జట్టుకూ ఆడారు. అయితే దేశమంతా గుర్తుపెట్టుకున్న ఆటగాడు మాత్రం కాదు. 1990ల చివర్లో మహీంద్రా యునైటెడ్‌లో మొదలై, ఎయిర్ ఇండియాకు ఆడి, తిరిగి మహీంద్రాకు వచ్చి, 2007లో కొత్తగా పుట్టిన ముంబయి ఎఫ్‌సిలో చేరారు. వృత్తి జీవితమంతా ఒకే నగరం, ఉద్యోగాలిచ్చే కంపెనీ జట్లు, ఎక్కువ మంది ప్రేక్షకులుండని మైదానాలు. దానికి తోడు గాయాలు వెంటాడాయి. వయసు, అనుభవం కలిసి రావలసిన సంవత్సరాల్లో చాలా కాలం బయట కూర్చోవలసి వచ్చింది.

కోల్‌కతా పెద్ద క్లబ్బులకు ఎందుకు ఆడలేదు?

అవకాశం రాక కాదు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ రెండింటి నుంచీ పిలుపు వచ్చింది. ఆ రోజుల్లో రెండు క్లబ్బుల స్పాన్సర్లూ మద్యం వ్యాపారంలో ఉన్న సంస్థలే. ఆ పేరున్న చొక్కా వేసుకోవడం తన విశ్వాసానికి సరిపడదని ఆయన వెళ్లలేదు. భారత ఫుట్‌బాల్‌లో డబ్బు, జనం, పత్రికల దృష్టి, అన్నీ కోల్‌కతాలోనే ఉన్న కాలమది. దాన్ని కాదనుకోవడం అంటే ఆటగాడిగా తన ఎదుగుదలకు తానే హద్దు గీసుకోవడం. ఈ ఒక్క నిర్ణయం ఆయన స్వభావం గురించి చాలా చెప్తుంది. తర్వాతి కాలంలో ఆ రెండు క్లబ్బులకూ ఆయన కోచ్‌గా వెళ్లారు.

ఆటగాడు కోచ్‌గా ఎలా మారారు?

ముంబయి ఎఫ్‌సికి మొదటి కోచ్ ఇంగ్లండ్‌కు చెందిన డేవిడ్ బూత్. ఆయన హయాంలో ఆ జట్టు రెండో డివిజన్ గెలిచి ఐ-లీగ్‌లోకి వచ్చింది. 2009లో బూత్ స్థానంలో క్లబ్ జమీల్‌ను కూర్చోబెట్టింది. నిన్నటి వరకు ఒకే గదిలో బూట్లు కట్టుకున్న వాళ్లను నేడు పక్కన పెట్టే అధికారం చేతికి వచ్చిందన్నమాట. ఇలాంటి పరిస్థితిలో చాలామంది కొత్త కోచ్‌లు స్నేహానికీ క్రమశిక్షణకూ మధ్య నలిగిపోయి ఏడాదిలోపే పదవి పోగొట్టుకుంటారు. జమీల్ ఏడు సీజన్లు నిలబడ్డారు.

ఆ ఏడేళ్లలో ముంబయి ఎఫ్‌సి ఏ ట్రోఫీ గెలవలేదు కదా? అందులో గొప్ప ఏముంది?

నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్ద పని అదే, ఐజ్వాల్ టైటిల్ కన్నా కూడా. కారణం చెప్పాలంటే ఆ కాలాన్ని చూడాలి.

2009-10 నుంచి 2015-16 వరకు ఐ-లీగ్ విజేతలు వరుసగా డెంపో, సాల్గావ్‌కర్, మళ్లీ డెంపో, చర్చిల్ బ్రదర్స్, బెంగళూరు ఎఫ్‌సి, మోహన్ బగాన్, మళ్లీ బెంగళూరు. ఆటగాళ్లను ఎంచి ఎంచి కొనుక్కోగలిగిన క్లబ్బులే అన్నీ. ముంబయి ఎఫ్‌సికి వచ్చేది ఆ క్లబ్బులు తీసుకోగా మిగిలినవాళ్లు, లేదా ఇంకా ఎవరూ చూడని కుర్రాళ్లు. సొంత మైదానం కూడా స్థిరంగా ఉండేది కాదు. ముంబయిలోని కూపరేజ్ మైదానం అందుబాటులో లేని రోజుల్లో సొంత మ్యాచ్‌లు ఆడడానికి పుణె వెళ్లవలసి వచ్చేది.

అదే కాలంలో ఎన్ని క్లబ్బులు మాయమయ్యాయో చూడండి. జమీల్ ఆడిన మహీంద్రా యునైటెడ్ 2010లో మూతపడింది. పంజాబ్‌కు చెందిన జేసీటీ 2011లో ఆగిపోయింది. ఆయన ఇంకో పాత క్లబ్ ఎయిర్ ఇండియా, లైసెన్సింగ్ నిబంధనలు అందుకోలేక 2013లో ఐ-లీగ్ బయటికి వెళ్లింది. ఒకప్పటి ముంబయి ఫుట్‌బాల్ కళ్లముందే కరిగిపోతుంటే, నగరానికి మిగిలిన ఐ-లీగ్ జట్టును ఒక్కసారి కూడా కింది డివిజన్‌కు పడిపోనివ్వకుండా ఏడేళ్లు కాపాడారు. పడిపోకుండా ఉండడానికి పతకాలు ఇవ్వరు. కానీ పదుల కొద్దీ ఆటగాళ్ల జీతాలు, ఒక నగరంలోని పిల్లలకు పై స్థాయి ఆట చూసే అవకాశం, అన్నీ ఆ ఒక్క పనిమీదే ఆధారపడి ఉంటాయి.

2016లో క్లబ్ ఆయన్ను వదులుకుంది. మరుసటి సీజన్‌లోనే ముంబయి ఎఫ్‌సి పట్టికలో అట్టడుగున నిలిచి పడిపోయింది. మళ్లీ పైకి రాలేదు. ఆ ఏడేళ్ల విలువకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

2017లో ఐజ్వాల్ నిజంగా అంత అనూహ్యంగా గెలిచిందా?

అవును. ఎందుకంటే, ఆ సీజన్ లీగ్‌లో ఐజ్వాల్ ఉండవలసింది కూడా కాదు. 2015-16లో ఆ క్లబ్ కింది డివిజన్‌కు పడిపోయింది. భారత ఫుట్‌బాల్ భవిష్యత్ ప్రణాళిక నచ్చక గోవా క్లబ్బులు లీగ్ నుంచి తప్పుకోవడంతో ఖాళీ ఏర్పడి, ఐజ్వాల్‌ను తిరిగి తీసుకున్నారు. ముంబయి వదిలేసిన కోచ్, లీగ్ నుంచి దాదాపు వెళ్లిపోయిన క్లబ్, ఇద్దరూ అలా కలిశారు.

జమీల్ ముంబయి ఎఫ్‌సి నుంచి ఆశుతోష్ మెహతా, జయేశ్ రాణే లాంటి తన మనుషులను తెచ్చుకున్నారు. సిరియా మిడ్‌ఫీల్డర్ మహ్మూద్ అల్ అమ్నా జట్టుకు మెదడు. లైబీరియాకు చెందిన ఆల్ఫ్రెడ్ జర్యాన్ అతని వెనక కాపలా. ఐవరీ కోస్ట్‌కు చెందిన కామో బాయి ముందు వరుసలో. వీళ్ల చుట్టూ అలుపెరగని మిజో కుర్రాళ్లు. కొండల మధ్య రాజీవ్ గాంధీ స్టేడియంలో, కృత్రిమ పచ్చిక మీద, బయటి జట్లకు ఊపిరి అందని వేగంతో ఆడేవారు.

ఏప్రిల్ 22న సొంత మైదానంలో మోహన్ బగాన్‌ను 1-0తో ఓడించారు. 83వ నిమిషంలో డిఫెండర్ జోమింగ్లియానా రాల్తే తలతో కొట్టిన గోల్ అది. ఇక చివరి మ్యాచ్ ఏప్రిల్ 30న షిల్లాంగ్‌లో అక్కడి జట్టు లజోంగ్‌పై. డ్రా చేసుకుంటే చాలు. తొమ్మిదో నిమిషంలోనే దిపాండా గోల్ కొట్టి లజోంగ్‌కు ఆధిక్యం ఇచ్చాడు. మరోవైపు కోల్‌కతాలో మోహన్ బగాన్ తన మ్యాచ్ ఆడుతోంది. ఐజ్వాల్ ఓడిపోయి మోహన్ బగాన్ గెలిస్తే టైటిల్ కోల్‌కతాకే. రెండో సగంలో విలియం లాల్నున్‌ఫెలా సమం చేశాడు. 1-1తో ముగిసింది. 18 మ్యాచ్‌లలో ఐజ్వాల్‌కు 37 పాయింట్లు, మోహన్ బగాన్‌కు 36. ఈశాన్య రాష్ట్రాల నుంచి దేశ అగ్ర లీగ్ గెలిచిన మొదటి క్లబ్ అదే.

ఆ విజయం తర్వాత ఐజ్వాల్ ఐఎస్ఎల్‌లోకి వెళ్లిందా?

లేదు. 2017-18 నుంచి ఐఎస్ఎల్, ఐ-లీగ్ రెండూ ఒకే కాలంలో సమాంతరంగా జరిగాయి. ఐఎస్ఎల్‌లో చోటుకు కావలసింది ఫ్రాంచైజీ రుసుము, పట్టికలో స్థానం కాదు. చోటు కోసం ఐజ్వాల్ ఎంత అడిగినా ఫలితం లేకపోయింది. దేశ విజేతకే అగ్ర వేదిక మీద స్థానం లేకపోవడం అన్యాయం. ఇప్పటికీ నేను దాన్ని అలాగే అంటాను.

ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్‌లలో ఎందుకు కుదరలేదు?

ఐజ్వాల్ విజయం తర్వాత ఈస్ట్ బెంగాల్ పెద్ద ఆశలతో తీసుకుంది. 2003-04 తర్వాత జాతీయ లీగ్ గెలవని క్లబ్ అది. అల్ అమ్నా కూడా వెంట వచ్చాడు. 2017-18లో జట్టు నాలుగో స్థానంలో ముగించింది. వేరే ఏ క్లబ్బుకైనా అది పరవాలేదనిపించే ఫలితమే, అక్కడ మాత్రం వైఫల్యం. సీజన్ చివర్లో తన పాత కోచ్ సుభాష్ భౌమిక్‌ను టెక్నికల్ డైరెక్టర్‌గా పైన కూర్చోబెట్టడంతో జమీల్ మాటకు బరువు తగ్గింది.

2019 జనవరిలో సీజన్ మధ్యలో మోహన్ బగాన్ పిలిచింది. వచ్చిన కొద్ది రోజులకే డెర్బీలో, అంటే ఒకే నగరపు ప్రత్యర్థుల పోరులో, ఈస్ట్ బెంగాల్ చేతిలో 0-2 ఓటమి. జట్టు ఐదో స్థానంలో ముగించింది. కోల్‌కతాలో కోచ్‌కు కావలసింది ఆట తెలివి ఒక్కటే కాదు. అభిమానులతో, అధికారులతో, రోజూ ప్రశ్నలు అడిగే పత్రికలతో మాట్లాడుతూ ఉండాలి. జమీల్ మితభాషి. ఆయనకు సరిపడని చోట ఆయనను అంచనా వేశారన్నది నా అభిప్రాయం.

ఐఎస్ఎల్‌లో భారతీయ కోచ్‌లకు అవకాశాలు ఎందుకు తక్కువ? ఆయనకు ఎలా దక్కింది?

ఐఎస్ఎల్ 2014లో మొదలైనప్పుడు విదేశీ పేర్లతోనే ప్రేక్షకులను పిలిచింది. కోచ్ కుర్చీలో కూడా విదేశీయులే. భారతీయులకు సహాయకుల పని. హెడ్ కోచ్‌ను మధ్యలో తీసేస్తే, కొత్త విదేశీయుడు విమానం దిగేవరకు ఆ సహాయకుడు నడిపేవాడు. కౌలు రైతు బతుకులాంటిది అది. చాకిరీ తనది, పొలం ఎప్పుడు లాక్కుంటారో తెలియదు.

జమీల్ కూడా అలాగే నార్త్ఈస్ట్ యునైటెడ్‌లో సహాయకుడిగా ఉన్నారు. కోవిడ్ వల్ల 2020-21 సీజన్ మొత్తం గోవాలో ఖాళీ స్టేడియంలలో జరిగింది. 11 మ్యాచ్‌లలో 12 పాయింట్లతో జట్టు తడబడుతుండగా జనవరిలో స్పెయిన్ కోచ్ జెరార్డ్ నుస్‌ను తప్పించి జమీల్‌కు తాత్కాలిక బాధ్యత ఇచ్చారు. మిగిలిన తొమ్మిది లీగ్ మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడలేదు: ఆరు గెలుపులు, మూడు డ్రాలు. మూడో స్థానంతో సెమీఫైనల్స్‌కు వెళ్లారు. ఐఎస్ఎల్‌లో ఒక భారతీయ కోచ్ జట్టును అంత దూరం తీసుకెళ్లడం అదే మొదలు. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌తో (మోహన్ బగాన్‌కు అప్పటి పేరు) తొలి మ్యాచ్ 1-1, రెండోది 1-2. ఆ రెండో మ్యాచ్‌లో లూయిస్ మచాడో పెనాల్టీ వృథా చేయకపోతే కథ ఎటు తిరిగేదో.

ఆ తర్వాత పూర్తి బాధ్యత అప్పగించారు కదా, ఏమైంది?

2021-22లో 11 జట్లలో పదో స్థానం. ఇందులో ఆయన బాధ్యత లేదని అనను. కానీ అంతకుముందు ఏడాది జట్టులోని ముఖ్యులు చాలామంది వెళ్లిపోయారు. ఒక్క చెడ్డ సీజన్‌తో విదేశీ కోచ్ మరో క్లబ్ వెతుక్కుంటాడు. భారతీయ కోచ్ విషయంలో మాత్రం 'మనవాళ్ల వల్ల కాదు' అనే తీర్పు వచ్చేస్తుంది. 2023లో ఆయన కింది లీగ్‌లో ఆడే ఎఫ్‌సి బెంగళూరు యునైటెడ్‌కు వెళ్లారు. అగ్ర లీగ్ సెమీఫైనల్స్ చూసిన కోచ్ చిన్న క్లబ్‌లో మళ్లీ మొదలుపెట్టడానికి వెనకాడలేదు.

ఆయన జట్లు రక్షణకే పరిమితమవుతాయన్న విమర్శ నిజమేనా?

సగం నిజం. రెండు వరుసలు దగ్గరదగ్గరగా నిలబడటం, బంతిని అనవసరంగా మధ్యలో తిప్పకపోవడం, దక్కగానే నేరుగా ముందుకు పంపడం, కార్నర్లు, ఫ్రీకిక్కులు, పొడవైన త్రో-ఇన్‌ల మీద శ్రద్ధ పెట్టడం, ఇవన్నీ ఆయన పద్ధతులే. ఆశుతోష్ మెహతా త్రో-ఇన్ ఆయన జట్లకు దాదాపు కార్నర్‌తో సమానం. ముంబయి, ఐజ్వాల్, నార్త్ఈస్ట్, జంషెడ్‌పూర్, నాలుగు చోట్లా ఆ ఆటగాడు ఆయన దగ్గర ఆడటం ఊరకే జరగలేదు.

కానీ డ్రా కోసం ఆడతారన్న మాట తప్పు. 2024-25లో జంషెడ్‌పూర్ 24 లీగ్ మ్యాచ్‌లలో 12 గెలిచి, 10 ఓడి, రెండే డ్రా చేసుకుంది. భయంతో ఆడే జట్టు లెక్కలు ఇలా ఉండవు. ఉన్న ఆటగాళ్లకు చేతకాని ఆటను వాళ్లమీద రుద్దకపోవడమే ఆయన సూత్రం. అల్ అమ్నా లాంటివాడు దొరికినప్పుడు బంతిని అతని కాళ్లకే అందించారు, ఆట అందంగానే ఉండేది.

మిడ్‌ఫీల్డర్లే మంచి కోచ్‌లవుతారా?

ఆంచెలోటీ, గార్డియోలా, డెషాం, జిదాన్ పేర్లు చూస్తే అలాగే అనిపిస్తుంది. మధ్యలో ఆడేవాడికి ముందూ వెనకా రెండు వైపులా చూడక తప్పదు కాబట్టి కొంత లాభం ఉంటుంది. జమీల్ విషయంలో అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉందనుకుంటాను: గాయపడి బయట కూర్చున్న కాలం. జట్టులో చోటు దక్కని ఆటగాడి మనసు ఆయనకు స్వానుభవం. అందుకే ఇతరులు వద్దనుకున్న ఆటగాళ్లు ఆయన దగ్గర మళ్లీ నిలబడ్డారు.

కోచ్ కావడానికి ఏ అర్హతలు కావాలి?

ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సి) లైసెన్సులు సి, బి, ఎ, ప్రో అని మెట్లుగా ఉంటాయి. జమీల్‌కు అన్నిటికన్నా పైదైన ప్రో ఉంది. ఐఎస్ఎల్ హెడ్ కోచ్‌కు అది గానీ, దానికి సమానమైనది గానీ కావాలి. గొప్ప ఆటగాడై ఉండవలసిన నియమం ఎక్కడా లేదు.

జంషెడ్‌పూర్‌లో ఏం సాధించారు?

2023 డిసెంబరు చివర్లో స్కాట్ కూపర్ స్థానంలో వచ్చారు. మరుసటి పూర్తి సీజన్‌లో జట్టు 38 పాయింట్లతో ఐదో స్థానం సాధించింది. నాకౌట్‌లో తన పాత జట్టు నార్త్ఈస్ట్‌ను 2-0తో ఓడించారు. సెమీస్ తొలి మ్యాచ్‌లో మోహన్ బగాన్‌పై 2-1 గెలుపు. కోల్‌కతాలో రెండో మ్యాచ్‌ను అదనపు సమయం దాకా లాగుతున్నారనుకుంటుండగా చివరి క్షణాల్లో అపుయా దూరం నుంచి కొట్టిన గోల్‌తో 0-2 ఓటమి. 2025 మే 3న భువనేశ్వర్‌లో సూపర్ కప్ ఫైనల్లో ఎఫ్‌సి గోవా చేతిలో 0-3తో ఓడారు. ఆ రోజు గోవా బెంచ్ మీద ఉన్నది మానోలో మార్క్వెజ్. అప్పటి భారత జట్టు కోచ్ కూడా ఆయనే. మూడు నెలలు తిరగకుండానే ఆ పదవి జమీల్‌కు వచ్చింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2023-24, 2024-25 రెండేళ్లూ ఉత్తమ పురుషుల కోచ్‌గా జమీల్‌నే ఎంచుకుంది.

భారత జట్టు కోచ్‌గా ఆరంభం ఎలా ఉంది?

2012లో సావియో మెదీరా తర్వాత ఈ పదవిలోకి వచ్చిన తొలి భారతీయుడు ఆయనే. మొదటి పరీక్ష 2025 ఆగస్టు, సెప్టెంబరులలో జరిగిన కాఫా నేషన్స్ కప్, మధ్య ఆసియా ఫుట్‌బాల్ సంఘం నడిపే టోర్నీ. మోహన్ బగాన్ తన ఆటగాళ్లను పంపలేదు. అయినా ఆతిథ్య తజికిస్థాన్‌ను 2-1తో ఓడించారు. ఇరాన్ చేతిలో 0-3 ఓటమి, అఫ్గానిస్థాన్‌తో 0-0. మూడో స్థానం కోసం ఒమన్‌తో మ్యాచ్‌లో ఉదాంత సింగ్ 80వ నిమిషంలో సమం చేయగా, పెనాల్టీ షూటౌట్‌లో గుర్‌ప్రీత్ సింగ్ సంధూ గెలిపించాడు.

తర్వాత చేదు. ఆసియా కప్ అర్హత పోటీల్లో సింగపూర్‌లో 90వ నిమిషంలో రహీం అలీ గోల్‌తో 1-1 డ్రా. అక్టోబరు 14న గోవాలో అదే సింగపూర్ చేతిలో 1-2 ఓటమి, అంతటితో ఆశలు ముగిశాయి. నవంబరులో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1. క్లబ్‌లో అయితే రోజూ సాధన చేయించి ఒక అలవాటు నేర్పవచ్చు. జాతీయ జట్టుకు దొరికేవి కొద్ది రోజులే. ఆయన పనితీరుకు అదే పెద్ద అడ్డంకి.

తెలుగు నేలతో ఈ కథకు సంబంధం ఉందా?

ఉంది. మానోలో మార్క్వెజ్ 2021-22 ఐఎస్ఎల్ టైటిల్ గెలిచింది హైదరాబాద్ ఎఫ్‌సితో. ఆ క్లబ్ 2025లో ఢిల్లీకి తరలిపోవడం మన ఫుట్‌బాల్ అభిమానులకు మానని గాయం. అంతకన్నా లోతైన బంధం సయ్యద్ అబ్దుల్ రహీం. బడిలో పాఠాలు చెప్పిన ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు ముంబయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నీ విజేతగా నిలిపారు. భారత్‌ను 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణానికి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేర్చారు. భారతీయ కోచ్ చేతిలో జాతీయ జట్టు పెట్టడం సాహసమని ఎవరైనా అంటే, హైదరాబాద్ వాళ్లు చూపించవలసిన పేరు అది.

ఆయన పనితనం తెలియాలంటే ఏ మ్యాచ్ చూడాలి?

షిల్లాంగ్ మ్యాచ్ అని అందరూ చెప్తారు. నేను మాత్రం దానికి ఎనిమిది రోజుల ముందు ఐజ్వాల్‌లో మోహన్ బగాన్‌తో జరిగిన మ్యాచ్ చూడమంటాను. గోల్ లేకుండా ఎనభై నిమిషాలు గడిచినా ఐజ్వాల్ ఆటగాళ్లలో ఎవరూ తమ చోటు వదిలి తొందరపడరు. వీలైతే బంతిని వదిలేసి, బంతి దగ్గర లేని ఐజ్వాల్ మిడ్‌ఫీల్డర్లు ఎక్కడ నిలబడుతున్నారో గమనించండి.